జిరాక్స్ షాపులో మూడో తాళంచెవి

నా తెలివితక్కువతనానికి అమీర్‌పేటే కారణమని చాలాకాలం బుకాయించాను. గోడగోడకీ కంప్యూటర్ కోర్సుల బోర్డులున్న పేటలో కాపురముంటే ఆ విద్య గాలికే అంటుకుంటుందనుకున్నాను. అంటుకున్నది విద్య కాదు, ధీమా. మెసేజీల యాప్‌లో 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్' అన్న మాట కనిపించిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్‌లో దొరికినవాళ్లందరికీ దాన్ని బోధించాను. "మనం పంపింది మధ్యలో ఎవ్వరూ చదవలేరు," అనేవాణ్ణి, అదేదో నేనే కనిపెట్టినట్టు.

అప్పుడే మా ఆవిడకు రొమ్ములో చిన్న గడ్డ కనిపించింది. సోమాజిగూడలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఎవరికీ, తన సొంత అక్కకు కూడా, చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

"జబ్బునైనా భరిస్తానేమో కానీ, ఆ జాలి చూపులు భరించలేనండీ."

స్కాన్ రిపోర్టులు తన ఫోన్ నుంచి నాకు పంపింది. పంజాగుట్టలో రెండో డాక్టరు వాటిని కాగితం మీద చూస్తానన్నారు.

మా సందు జిరాక్స్ షాపులో ఒక పద్ధతుంది. వాళ్ల కంప్యూటర్ తెర మీది గళ్ల బొమ్మను మన ఫోన్‌తో స్కాన్ చేస్తే మన మెసేజీలన్నీ అక్కడ తెరుచుకుంటాయి. కావలసింది ప్రింట్ తీసుకుని, లాగౌట్ చేసి రావాలి. నా వెనక రెజ్యూమేలతో పెద్ద వరస.

"జల్ది అన్నా, జల్ది!" అన్నాడు షాపాయన.

కాగితాలు తీసుకున్నాను. కళ్లజోడు మరిచిపోకుండా జేబులో పెట్టుకున్నాను. లాగౌట్ మాత్రం చేయలేదు.

మర్నాడు సాయంత్రం పై అంతస్తు పెద్దమనిషి బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని వచ్చాడు.

"ఫికర్ చెయ్యకు చెల్లె. మస్తు మందికి నయమైతుంది."

మా ఆవిడ నావైపు చూసింది. తర్వాత ఆయన్ని అడిగింది. "మీకెవరు చెప్పారన్నయ్యగారూ?"

"జిరాక్స్‌కి పోయిన. కంప్యూటర్ల మీ ఆయన ఫోటో కనవడ్డది. మనోళ్లే గదా అని జర కిందిదాంక చదివిన. గిప్పుడే బిల్డింగ్ గ్రూపుల సుత పెట్టిన, అందరు దేవునికి మొక్కుమని."

ఆయన వెళ్లగానే నా ఫోన్‌లోంచే షాపు కంప్యూటర్ లింకు తీసేశాను. మా ఆవిడ నెమ్మదిగా అంది:

"మధ్యలో ఎవరూ చదవలేరన్నారుగా?"

"మధ్యలో చదవలేదే..."

"అవును. చివర్లో చదివారు. ఆ చివరని మీరు జిరాక్స్ షాపులో పెట్టొచ్చారు."

ఇల్లు బత్తాయిల దుకాణమైంది. తను భరించలేనన్న చూపులు ఒక్కో సంచీతో ఒక్కోటి వచ్చాయి. నవ్వుతూ అందుకుని, లోపలికెళ్లి మొహం కడుక్కునేది.

సోమాజిగూడలో ఇచ్చిన పరీక్ష ఫలితాన్ని పంజాగుట్ట డాక్టరుకి పంపి, ఆయన గది బయట కూర్చున్నప్పుడు, ఫోన్ సెట్టింగులు మొదటిసారి నిజంగా చదివాను.

"ఏదో ఒకటి చెప్పండి, భయం మరిచిపోతాను," అంది.

చెప్పాను. ఎన్‌క్రిప్షన్ అంటే తాళం వేసిన టిఫిన్ క్యారియర్. మోసేవాడికి లోపల ఏ కూరుందో తెలీదు. తాళంచెవులు పంపినవాళ్ల దగ్గరొకటి, అందుకున్నవాళ్ల దగ్గరొకటి. 'లింక్డ్ డివైసెస్' అన్న చోట, మనం ఇంకెక్కడెక్కడ తాళంచెవి ఇచ్చొచ్చామో కనిపిస్తుంది. అప్పుడప్పుడూ చూసి వెనక్కి లాక్కోవాలి. స్క్రీన్ లాక్ వీధి తలుపు. టూ స్టెప్ పిన్ లోపలి గడియ. ఎవడో మాయమాటలతో మన ఓటీపీ లాగేసినా, ఆ గడియ దగ్గర ఆగిపోతాడు.

"మరి తలుపు బార్లా తెరిచిపెట్టే మొగుడికి ఏం లాకుంది?"

"అప్‌డేట్ అవుతున్నాడు. కాస్త ఓపిక పట్టు."

చాలా రోజుల తర్వాత తను నవ్వింది. లోపలికి పిలిచారు. ప్రమాదం లేని గడ్డేనన్నారు డాక్టరు. ఆ సాయంత్రం బత్తాయిలన్నీ పిండి, ఫ్లాటుకో గ్లాసు పంపింది. పై అంతస్తుకీ పంపింది. తను క్షమించింది. నాకు అంత పెద్ద మనసు లేదు.

కొన్నాళ్లకు అదే షాపుకి వెళ్లాను. తెర మీద పై అంతస్తు ఆయన ఫోటో, తెరిచే ఉన్న మెసేజీలు.

"మీ బిల్డింగ్ సారే. గిప్పుడే పోయిండు," అన్నాడు షాపాయన.

బిల్డింగ్ గ్రూపులో ఆయన పేరు మీద టైపు చేశాను: "ఆదివారం సాయంత్రం అందరు మా ఇంటికి రండ్రి. మిర్చి బజ్జీలు నేనే ఏయిస్త. లాగౌట్ అంటే ఏందో కింది సారు చెప్తడు." పంపాను. ఆ వెంటనే ఆయన్ని లాగౌట్ చేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గ్రూపు చూసేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆయన మెసేజీలు చదివారా?"

"ఒక్క ముక్క చదవలేదు. రాశానంతే."