దబ్బనంతో పొడిచిన ఫిల్టరు

నాలుగు రోజులుగా మా కాఫీ మిషను మూలుగుతోంది. నీళ్లు పోసి మీట నొక్కితే ఇదివరకు ఐదు నిమిషాల్లో గాజు జగ్గు నిండేది. ఇప్పుడు పావుగంట పడుతోంది, అదీ ఒక చుక్క, ఒక తుమ్ము, మళ్లీ ఒక చుక్కగా. పైగా ముందువైపు నారింజరంగు దీపం ఒకటి ఆగకుండా కన్ను కొడుతోంది. ఈ వయసులో నాకు కన్ను కొట్టేది అదొక్కటే కాబట్టి రెండు రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మూడో రోజు కాఫీ గోరువెచ్చగా వచ్చేసరికి ఒళ్లు మండింది. నేను రిటైరైన రోజున బడిలో తోటి టీచర్లంతా కలిసి కొనిచ్చిన మిషను అది. ముప్పై ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నందుకు దక్కిన సన్మానం. మా ఆయన అటక మీంచి దాని పెట్టె దించి, లోపలున్న చిన్న పుస్తకం తీసి, కళ్లద్దాలు సవరించుకుని, పేపరు చదివినట్టు పైకి చదివారు. లోపలి గొట్టాల్లో సున్నం పేరుకుందట, కరిగించి తీసేయాలట. "ఖానాపురం హవేలి బోరు నీళ్లు పోస్తే సున్నం గాక వెన్న పేరుకుంటదా?" అన్నాను. ఆయన ఆ మాట కూడా పుస్తకంలో ఉందేమోనని మరో పేజీ తిప్పారు.

కిరాణా కొట్టు నుంచి నిమ్మ ఉప్పు తెప్పించి, రెండు చెంచాలు నీళ్లలో కరిగించి మిషను తొట్టిలో పోశాను. సగం నీళ్లు దిగాక ఆపి అరగంట ఆగమని పుస్తకం చెప్పింది. ఆగాను. మళ్లీ మీట నొక్కగానే పుల్లటి ఆవిరి ముక్కుకి తగిలింది. జగ్గులోకి తెల్లటి పొరలు, బియ్యపు నూకల్లాంటి ముక్కలు రాలుతూ వచ్చాయి. "చూశావా, ఎంత చెత్త ఉందో!" అని మా ఆయన సంబరపడ్డారు. నాకు మాత్రం సంబరం రాలేదు. ఆ పులుపు వాసనకి మా అత్తమ్మ గుర్తొచ్చింది. గిన్నెకి పట్టిన తెలుపుని పులుపుతో వదిలించడం నాకు నేర్పింది ఆమే. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇంతకాలం ఆమెని తలుచుకుంటే నవ్వొచ్చేది, అప్పుడప్పుడు పాత కోపమొకటి వచ్చేది. ఇవాళ నవ్వూ కోపమూ రెండూ రాలేదు, బెంగ వచ్చింది. అరవై దాటిన మనిషికి అత్తగారి మీద బెంగేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

మా పుట్టిల్లు వైరా. మా ఇంట్లో కాఫీ అన్నది లేదు, మూడుపూటలా చాయే. పెద్ద సత్తు గిన్నెలో ఆకు, పాలు, చక్కెర, అల్లం అన్నీ ఒకేసారి వేసి కళపెళ మరిగించడమే మాకు తెలిసిన విద్య. అయితే గిన్నె మాత్రం తళతళలాడాలి. చాయ్ మరిగిన గిన్నెకి మరక ఉంటే మా అమ్మ ఆ పూట మాతో మాట్లాడేది కాదు. ఇటుకపొడి, చింతపండు, కొబ్బరిపీచు పెట్టి, గిన్నెలో మన ముఖం మనకి కనిపించేదాకా తోమాలి. ఆడపిల్ల పెంపకమంతా గిన్నె అడుగున కనిపిస్తుందని ఆమె నమ్మకం. నాకు ఇరవై ఒకటో ఏట పెళ్లి చేసి దమ్మపేట పంపినప్పుడు ఆ నమ్మకాన్ని చీరెలతో పాటు పెట్టెలో సర్ది పంపింది.

అత్తగారి వాళ్ల పెద్దలు ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి దమ్మపేటలో భూములు చేసుకున్నవాళ్లు. ఊరి చివర కొబ్బరితోట, తోట వెనక మామిళ్లు, మామిళ్లు దాటితే అడవి. ఇంట్లో అందరికీ కాఫీ. తెల్లారి ఐదింటికి ఆ వాసన పెరడు దాటి పశువుల పాక దాకా వెళ్లేది, ఆవులు కూడా కాఫీ కోసమే లేచేవేమో అనిపించేది. ఆ కాఫీకి ఆధారం ఒక ఇత్తడి ఫిల్టరు. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు. పై గిన్నె అడుగున సూదిమొన కూడా దూరనంత సన్నటి చిల్లులు. పొడి వేసి వేడినీళ్లు పోస్తే డికాషను చుక్కచుక్కగా కింది గిన్నెలోకి దిగడానికి అరగంట పట్టేది. అది అత్తమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. బయట బంగారంలా మెరిసేది, లోపల మాత్రం నల్లగా, కారునలుపుగా ఉండేది. నేను మొదటిసారి మూత తీసి చూసి నిర్ఘాంతపోయాను. ఇంత ఉన్నవాళ్లు, ఇంత మడీ శుభ్రం చెప్పేవాళ్లు, లోపల ఇంత మురికి ఎట్లా పెట్టుకున్నారని మనసులో మా అమ్మకి ఉత్తరం కూడా రాసేశాను.

పెళ్లయిన రెండో నెలలో అత్తమ్మ, మామయ్య ఏదో పెళ్లికి సత్తుపల్లి వెళ్లారు. రెండు రోజులు ఇల్లు నా చేతిలో ఉంది. ఆమె తిరిగొచ్చేసరికి ఆమె మెచ్చే పనొకటి చేసి చూపించాలని నా ఆరాటం. ఫిల్టరు తీసుకుని బావి గట్టు మీద కూర్చున్నాను. అడవి ఊళ్ల నుంచి కోయ ఆడవాళ్లు సంతకి తెచ్చే చింతపండు ఇంట్లో గంపెడుంది. నోట్లో వేసుకుంటే పళ్లు జివ్వుమనే పులుపు. దానికి ఇటుకపొడి కలిపి మధ్యాహ్నమంతా తోమాను. నలుపు వదిలి లోపల కూడా మెరిసింది. చిల్లులు మాత్రం సగం పూడుకుపోయి ఉన్నట్టు కనిపించాయి. సూదితో పొడిస్తే సూది వంగింది. గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చాను. దాని మొన ఒక్కో చిల్లులో పెట్టి, రాయితో ఒక్కో దెబ్బ కొట్టాను. ఒక్క చిల్లు కూడా వదల్లేదు. ఎత్తి పట్టుకుంటే అవతల కొబ్బరాకులు కూడా కనిపించాయి. మా అమ్మ చూసి ఉంటే కళ్ల నీళ్లు పెట్టుకునేది.

మర్నాడు పొద్దున అత్తమ్మ పొడి వేసి నీళ్లు పోసింది. మూత పెట్టి వెనక్కి తిరిగేలోపే నీళ్లన్నీ కింది గిన్నెలో ఉన్నాయి, పొడితో సహా. ఆమె పై గిన్నె తీసి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఎత్తి పట్టింది. చాలాసేపు చూసింది. ఆ చిల్లుల్లోంచి పడిన వెలుగు చుక్కలు ఆమె ముఖమంతా పడ్డాయి.

"ఏంటమ్మాయ్ ఇది?"

"లోపల మస్తు మురికి ఉండె అత్తమ్మా. అందుకే తోమిన. చిల్లులు గూడ మంచిగ చేసిన."

"మురికా? అది మా అమ్మ నాటి నుంచీ పట్టిన కాఫీ. ఆ నలుపు ఉంటేనే ఇత్తడి కంపు రాదు, చిల్లు సన్నబడి డికాషను చిక్కగా దిగుతుంది. వేడినీళ్లు పోసి ఎండలో బోర్లించడమే గాని లోపల చెయ్యి పెట్టం మేము." గిన్నె కిందికి దించి, "వైరాలో ఇలాగే తోముతారా?" అంది.

నేను అవునన్నట్టు తలూపాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు, తిట్టనూ లేదు. లోపలికెళ్లి మామయ్య పాత పంచె ఒకటి తెచ్చి, అరచేయంత ముక్క చింపి, తడిపి పై గిన్నె అడుగున పరిచింది. దాని మీద పొడి వేసి నీళ్లు పోసింది. ఈసారి చుక్కలు పడ్డాయి. అప్పుడు నా వైపు తిరిగి, "పాడు చేసింది నువ్వు కాబట్టి రేపటి నుంచి కలపాల్సింది కూడా నువ్వే" అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కాఫీ నా పని. సత్తుపల్లిలో కొత్త ఫిల్టర్లు వరసగా వేలాడుతుండేవి, ఆమె కొననివ్వలేదు. చుట్టాలొచ్చి, ఫిల్టర్లో ఈ గుడ్డేమిటని అడిగితే, "మాకు మొదట్నుంచీ ఇదే అలవాటు" అనేది. నా దబ్బనం సంగతి ఆ ఇంటి గుమ్మం దాటలేదు. ఆ మంచితనం అప్పుడు నాకు అర్థం కాలేదు. నాకు కావలసింది వేరే ఉంది. నేను కలిపిన కాఫీ తాగి ఆమె ఒక్కసారి "బాగుంది" అనాలి. అంటే నేను ఈ ఇంటిదాన్నయినట్టు. మా ఆయన అనేవారు గాని, ఆయన మెప్పుకి విలువ లేదు. మాడిన ఉప్మాని, ఉప్పు మరిచిన పప్పుని, పెళ్లిచూపుల్లో నన్నూ ఒకే గొంతుతో బాగుందన్న మనిషి. అత్తమ్మ అలా కాదు. గ్లాసు అందుకునేది, తాగేది, కొంగు చివరతో పెదవి తుడుచుకుని "ఊఁ" అనేది. మహా అయితే, "గేదె మారిందా?" అనో, "ఇవాళ ఎండ ముదిరేలా ఉంది" అనో అనేది. నేను పొడి పెంచి చూశాను, తగ్గించి చూశాను. పాలు మూడు పొంగులు రానిచ్చి చూశాను. పంచె గుడ్డ నెలకోసారి మార్చి, ఆమె చెప్పినట్టే సబ్బు తగలకుండా ఉతికాను. ఏళ్లు గడిచాయి. "ఊఁ" దగ్గరే ఆగిపోయింది. రోషమొచ్చి రెండు రోజులు కావాలనే పల్చగా కలిపాను. అప్పుడూ "ఊఁ" అనే అంది.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్లకి ఖమ్మం బదిలీ అయింది. అప్పటికే మామయ్య పోయారు. అత్తమ్మ కూడా మాతో ఖానాపురం హవేలికి వచ్చేసింది. ఫిల్టరు ఆమె ఒళ్లో కూర్చుని బస్సులో వచ్చింది. ఇక్కడి నీళ్లు చూసి ఆమె మొదటిరోజే ముఖం ముడిచింది. దమ్మపేట బావినీళ్లు తియ్యగా ఉండేవి, వాటితో డికాషను దిగితే మాట మెత్తబడేది అనేది. ఇక్కడ వారం తిరిగేసరికి నీళ్లు కాచే గిన్నె అడుగు తెల్లగా సున్నం కొట్టినట్టయ్యేది. అప్పుడు మొదటిసారి ఆమే చింతపండు నానబెట్టి, ఆ నీళ్లు గిన్నెలో పోసి మరిగించి, "దీన్ని తోమమ్మాయ్, నీ ఇష్టమొచ్చినంత తోము" అని నా చేతికిచ్చింది. "కాఫీ మరక ఉండనిస్తాం గాని నీళ్ల మరక ఉండనివ్వకూడదు" అంది. నేను తోముతుంటే పీట వేసుకుని ఎదురుగా కూర్చుని చూసేది. ఆ చూపులో ఏదో ఉండేది. మెప్పే అయి ఉంటుంది. కాని చెవికి వినబడని మెప్పుతో నాకు పొట్ట నిండేది కాదు.

ఎనభై దగ్గర పడ్డాక ఆమెకి మరుపు మొదలైంది. ముందు తాళం చెవులు, తర్వాత పండగలు, తర్వాత మనుషులు. కొడుకుని చూసి "ఎవరండీ?" అని మర్యాదగా అడిగేది. ఒకరోజు పొద్దున బడికి తయారై, భుజాన సంచీ, చేతిలో రిజిస్టరుతో ఆమెకి చెప్పి వెళ్దామని గదిలోకి వెళ్లాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి మంచం మీద సర్దుకుని కూర్చుంది. జనాభా లెక్కలకి ఇల్లిల్లూ తిరిగి మనుషుల పేర్లు రాసుకునే టీచరమ్మ అనుకుంది నన్ను.

"రండి టీచరుగారూ, కూర్చోండి. ఎండనబడి వచ్చారు, కాఫీ తాగి వెళ్లండి."

"వద్దండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అలా అనకండి. మా కోడలు కలుపుతుంది. వైరా పిల్ల. దాని చేతి కాఫీ తాగితే మీకు ఇంకెక్కడా తాగబుద్ధి కాదు. నేనైతే ఎవరింటికెళ్లినా తాగను, తాగొచ్చానని అబద్ధం చెబుతాను." వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "అమ్మాయ్! టీచరుగారొచ్చారు, కాఫీ పట్రా!"

వంటింట్లో ఎవరూ లేరు. నేను లేచి వెళ్లాను. సంచీ పక్కన పెట్టి, గుడ్డ తడిపి పరిచి, పొడి వేసి, నీళ్లు పోసి నిలబడ్డాను. బడికి ఆలస్యమవుతుందని తెలుసు. చుక్కలు తీరుబడిగా పడుతున్నాయి. రెండు గ్లాసులు పట్టుకుని గదిలోకి వచ్చి ఒకటి ఆమెకిచ్చి, ఎదురుగా కుర్చీలో టీచరమ్మలా కూర్చున్నాను. ఆమె తన గ్లాసు ముట్టుకోలేదు. నేను ఒక గుక్క తాగేదాకా నా ముఖమే చూస్తూ ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

ఏ మాట కోసం ముప్పై ఏళ్లు ఆ గ్లాసులు అందించానో, ఆ మాట నేనే అనాల్సి వచ్చింది.

"బాగుందండీ" అన్నాను.

"చెప్పాను కదా!" అంది. ఆమె ముఖమంతా వెలిగింది. అంత గర్వం ఆమె ముఖంలో కొడుకు ఉద్యోగంలో చేరిన రోజు కూడా నేను చూడలేదు. అప్పుడు తన గ్లాసెత్తి నెమ్మదిగా తాగింది, కొంగు చివరతో పెదవి తుడుచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని "నేనే అత్తమ్మా ఆ పిల్లని" అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే ఎవరో పరాయిదాన్నని చెయ్యి లాక్కుంటుందేమోనని భయమేసింది. తర్వాత ఆమె రెండేళ్లు బతికింది గాని మళ్లీ ఆ కోడలి ఊసెత్తలేదు. ఆమె పోయాక ఆ ఫిల్టర్లో కాఫీ దించడం మానేశాను. మిషను వచ్చాక అడిగినవాళ్లకి చెప్పుకోవడానికి సాకు కూడా దొరికింది.

ఆ పొద్దున కాఫీ అయిపోయాక కూడా ఆమె ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని, "రమ్మంటే రాదేం? సిగ్గు దానికి" అంటూ వంటింటి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. నేనూ అటే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఒక్కేళ్ల ఆ వైరా పిల్ల ఇంకా లోపలే ఉందని ఆమెకి నమ్మకం. తిరిగి రాలేనంత దూరం వెళ్లిపోయిందని నాకు తెలుసు. ఆ కాసేపు మాత్రం ఇద్దరం ఆ పిల్ల కోసమే ఎదురుచూశాం.