కుట్టుమిషన్ల హోరులో ఒక కోటు

ఆ పిల్లకి రేడియో అని పేరు పెట్టింది వాళ్ల అమ్మమ్మ. "పొద్దున్నే మొదలవుతుంది. కట్టేద్దామంటే మీట ఎక్కడుందో దొరకదు" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది. ఆవిడ కూడా చెప్పడం మొదలుపెడితే ఆపే రకం కాదు కాబట్టి, ఆ గుణం ఎటు నుంచి వచ్చిందో ఎవరూ పెద్దగా వెతకనక్కర్లేదు. నాన్న బస్సు డ్రైవరు. ఇంట్లో ఇద్దరూ ఒకేసారి అందుకుంటే ఆయన ప్లేటు పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లి కూర్చునేవాడు. "బస్సులో అయితే డ్రైవరుతో మాట్లాడకూడదని రాసి ఉంటుంది. ఇంట్లో ఎవరు రాసి పెడతారు?" అనేవాడు.

ఆమె చేరిన కాలేజీలో బట్టలకు సంబంధించిన పనులన్నీ నేర్పుతారు. కత్తిరించడం, కుట్టడం, రంగులద్దడం, దుకాణం నడపడం. రేడియోది దుకాణం విభాగం. కుట్టుపని ఆమె వల్ల అయ్యేది కాదు. సూదిలో దారం ఎక్కించడానికే పక్కన ఇంకో మనిషి ఉండాలి. కానీ నోటికి మాత్రం ఎవరి సాయమూ అవసరం లేదు. అందుకే విద్యార్థి సంఘం ఎన్నికలు వచ్చినప్పుడు, అడక్కుండానే అందరూ ఆమెను నిలబెట్టారు, అడక్కుండానే గెలిపించారు. పదవి పేరు సంక్షేమ కార్యదర్శి. పని ఏమిటంటే, ఎవరికి ఏ కష్టం వచ్చినా వెళ్లి మాట్లాడటం. ఆమెకు కావలసిందీ అదే.

సంఘం గది మెట్ల కింద ఉండేది. ఒక పక్క పైకప్పు ఏటవాలుగా దిగిపోవడంతో, పొడుగ్గా ఉండే అధ్యక్షుడు ఎప్పుడు చూసినా ఎవరికో నమస్కారం పెడుతున్నట్టే ఉండేవాడు. ఆ గదికి రాని సమస్య లేదు. హాస్టల్లో వేడినీళ్లు రావడం లేదని ఒకరు, మణికట్టు విరిగింది, పరీక్ష వాయిదా వేయించమని ఇంకొకరు, గదిలో తోడున్న అమ్మాయి గురక గురించి మరొకరు. గురక విషయంలో సంఘం ఏమీ చేయలేకపోయింది గానీ మిగతా రెండూ రేడియో ఒక్క మధ్యాహ్నంలో తేల్చేసింది. ఆమె ఆఫీసు గదిలో అడుగుపెడితే చాలు, గుమాస్తా ముందుగానే "సరే, సరే" అనేవాడు.

సంఘానికి ఒక పాత ఆనవాయితీ ఉంది. సభ్యులెవరినైనా విచారణకు పిలిస్తే ఒంటరిగా పంపరు. పక్కన ఇంకో కుర్చీ వేయించి, సంఘం తరఫున ఒకరు కూర్చుంటారు. దాన్ని పక్క కుర్చీ అనేవారు. ఆ కుర్చీకి ఒకటే నియమం: సభ్యుడిని అడక్కుండా అతని తరఫున మాట ఇవ్వకూడదు. పదవిలోకి వచ్చిన రోజున అధ్యక్షుడు ఆ సంగతి చెబుతుంటే రేడియో తలూపింది. తలూపుతూనే వేరే ఏదో మాట్లాడుతోంది.

పరీక్షలు దగ్గరపడే రోజుల్లో పిల్లి మెట్ల కిందికి వచ్చింది. పిల్లి అంటే కుట్టు విభాగంలో చదివే అమ్మాయి. అడుగుల చప్పుడు వినబడదు కాబట్టి ఆ పేరు వచ్చింది. వచ్చి ఎంతసేపయిందో తెలియదు, రేడియో తల తిప్పేసరికి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, నా కోటు నేను కుట్టలేదంటున్నారు" అంది.

సంగతి ఇది. ఏడాది చివర ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక కోటు కుట్టి ఇవ్వాలి. పిల్లి ఇచ్చిన కోటు చూసి కుట్టుపని మేడమ్‌కి అనుమానం వచ్చింది. తరగతిలో ఈ అమ్మాయి కుట్టినవన్నీ వంకరటింకరగానే ఉండేవి. ఈ కోటేమో పెద్ద దుకాణం అద్దాల వెనక వేలాడదీయవచ్చు. పైగా పిల్లి వాళ్లమ్మ దర్జీ. కాలేజీ వెనక వీధిలోనే దుకాణం. ఆ కోటు అక్కడ వేలాడుతుండగా ఎవరో చూశారు. అమ్మ కుట్టిందని తేలితే పిల్లి ఈ ఏడాది అంతా మళ్లీ చదవాలి.

"నువ్వే కుట్టావా?" అని రేడియో అడిగింది.

"నేనే అక్కా. ఇంట్లో కుట్టాను."

"అంతే కదా! నువ్వు నిశ్చింతగా ఉండు. నేను చూసుకుంటాను."

పిల్లి ఇంకా ఏదో చెప్పబోయింది. రేడియో అప్పటికే ప్రిన్సిపాల్ ముందు ఏం మాట్లాడాలో చెప్పడం మొదలుపెట్టేసింది.

విచారణ రోజున ప్రిన్సిపాల్, కుట్టుపని మేడమ్, హాస్టల్ వార్డెన్ బల్లకు అవతల కూర్చున్నారు. ఇవతల పిల్లి, పక్క కుర్చీలో రేడియో. మేడమ్ చెడ్డ మనిషి కాదు. తన దగ్గర చదివే అమ్మాయి మోసం చేసిందేమోనని ఆవిడ నిజంగానే బాధపడుతోంది. "తరగతిలో ఒక్క కుట్టు తిన్నగా రాదు. ఇంటికెళ్లగానే ఇంత పనితనం ఎలా వస్తుందమ్మా?" అని నెమ్మదిగానే అడిగింది. పిల్లి నోరు తెరిచింది.

రేడియో ఊరుకుంటుందా! లేచి నిలబడింది. చదువు గురించి, నమ్మకం గురించి, దర్జీల ఇంట పుట్టడం నేరమా అన్న విషయం గురించి దంచేసింది. వార్డెన్‌కి కళ్లు చెమ్మగిల్లాయి కూడా. ఆ ఊపులో అసలు మాట అనేసింది.

"ఇన్ని మాటలెందుకు సార్! మా సభ్యురాలు మీ ముగ్గురి ముందూ కూర్చుని అదే కాలరు మళ్లీ కుట్టి చూపిస్తుంది. మీరు కళ్లారా చూసుకోండి!"

"ఇది బాగుంది. శుక్రవారం పొద్దున పెట్టుకుందాం" అన్నాడు ప్రిన్సిపాల్ వెంటనే. మేడమ్ ముఖం కూడా తేటపడింది.

రేడియో గాల్లో తేలిపోతూ వరండాలోకి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే పిల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అక్కా, ఎవరైనా చూస్తుంటే నాకు చెయ్యి కదలదు. అందుకే తరగతిలో అన్నీ పాడవుతాయి. మేడమ్ వెనక నిలబడగానే వేళ్లు కొయ్యబారిపోతాయి. మొన్న నీకు అదే చెబుదామనుకున్నాను."

రేడియోకి జన్మలో మొదటిసారి నోట్లో ఒక్క మాటా దొరకలేదు.

మెట్ల కింద అధ్యక్షుడు అంతా విన్నాడు. కోప్పడలేదు. "ఆ మాట ఇచ్చేముందు ఆ అమ్మాయిని అడిగావా?" అని మాత్రం అన్నాడు. అతను తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు. ఇన్నాళ్లూ తాను అందరి తరఫునా మాట్లాడుతున్నాననుకుంది గానీ, ఎవరినైనా పూర్తిగా విన్న రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. గురక గురించి వచ్చిన అమ్మాయిని కూడా మధ్యలోనే ఆపేసింది.

సాయంత్రం దర్జీ దుకాణానికి వెళ్లింది. తప్పు ఒప్పుకోవాలనే వెళ్లింది. ఇరుకు గది. గోడ నిండా సగం కుట్టిన బట్టలు, బల్ల మీద చాక్ ముక్కలు, ఇస్త్రీపెట్టె వేడి వాసన. తల్లీ కూతురూ రెండు మిషన్ల దగ్గర ఒకరికొకరు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. రేడియో చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పి, క్షమించమంది. తర్వాత పిల్లి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీకేం కావాలో నువ్వు చెప్పు. ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి నా మాట వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను. ముఖం చెల్లకపోతే పోనీ."

అని ఆగింది. నిజంగానే ఆగింది. పిల్లి బాబిన్‌కి దారం చుడుతూ ఆలోచిస్తోంది. ఆ నిశ్శబ్దంలోకి దూకేయాలని రేడియో నాలుక ఒకటే దురద. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, చేతులకీ నాలుకకీ సంబంధం ఏమిటో ఆమెకే తెలియాలి.

"వెనక్కి తీసుకోవద్దక్కా" అంది పిల్లి చివరికి. "తీసుకుంటే నిజంగానే కుట్టలేదనుకుంటారు. అమ్మ మిషన్ పక్కన నడుస్తుంటే నేను కుట్టగలను. ఆ చప్పుడులో ఎవరు చూస్తున్నారో తెలియదు."

వాళ్లమ్మ పంటితో దారం తెంపుతూ అందుకుంది. "చిన్నప్పుడు ఈ మిషన్ ఆగిపోతే నిద్రలోంచి లేచి ఏడ్చేదమ్మా. కానీ నేను అక్కడికొచ్చి కూర్చుంటే ఇంకేమన్నా ఉందా! నేనే కుట్టిపెట్టానంటారు."

"అమ్మ మిషనే కావాలా? ఎవరిదైనా పర్లేదా?" రేడియో అడిగింది.

పిల్లి మళ్లీ ఆలోచించింది. రేడియో మళ్లీ ఆగింది.

"ఎవరిదైనా పర్లేదు" అంది పిల్లి.

"మరి ఈ సంగతి మేడమ్‌కి చెప్పమంటావా?"

"చెప్పక్కా."

మర్నాడు రేడియో మేడమ్ దగ్గరికి ఒక్కతే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "నేను వెనక నిలబడితేనా?" అని మేడమ్ రెండుసార్లు అడిగింది. ఆవిడకు అది కొత్త సంగతి. చివరికి సరేనంది. శుక్రవారం సంఘం సభ్యులు వచ్చి ఎవరి మిషన్ దగ్గర వాళ్లు పని చేసుకోవచ్చు. ఒకటే షరతు: పిల్లికి ఎవరూ సాయం చేయకూడదు, గదిలో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

"ఒక్క మాట కూడానా?" అని అడిగింది రేడియో, కొంచెం బెంగగా.

శుక్రవారం కాలేజీకి సెలవు. అయినా కుట్టు గదిలో ఒక్క మిషన్ ఖాళీ లేదు. రంగుల విభాగం వాళ్లు వచ్చారు. మణికట్టు బాగయిన అబ్బాయి వచ్చాడు. గురక అమ్మాయీ, ఆమెతో గొడవపడిన అమ్మాయీ పక్కపక్కనే కూర్చున్నారు. అధ్యక్షుడు మోకాళ్లు బల్ల కింద పట్టక అవస్థ పడుతూ తన పాత చొక్కాకు గుండీ కుడుతున్నాడు. గుండీకి మిషన్ అక్కర్లేదని తెలిసినా, ఖాళీగా మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. రేడియో పిల్లి పక్క మిషన్ దగ్గర కూర్చుంది.

మిషన్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. గది అంతా హోరు. పిల్లి గుడ్డ చేతిలోకి తీసుకుంది. మొదట రెండు కుట్లు వేసి విప్పేసింది. ప్రిన్సిపాల్ కిటికీ దగ్గర, వార్డెన్ తలుపు దగ్గర నిలబడ్డారు. మేడమ్ పిల్లికి ఎదురుగా, కాస్త దూరంగా నిలబడింది. వెనక్కి వెళ్లలేదు. రేడియో పళ్లు బిగబట్టి తన గుడ్డ మీద గీతలాగా కుట్టుకుంటూ పోయింది. ధైర్యం చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. చెప్పే దారి లేక మిషన్‌నే ఇంకాస్త గట్టిగా తొక్కింది.

కాసేపటికి పిల్లి తల వంగింది. భుజాలు వదులయ్యాయి. ఇక ఆ అమ్మాయి ఆ గదిలో లేదు, అమ్మ దుకాణంలో ఉంది. గుడ్డ ఆమె వేళ్ల కింద తిరిగిన తీరు చూసి, కుట్టేవాళ్లు కొందరు తమ పని మరిచిపోయారు. అధ్యక్షుడు గుర్రుగా చూసేసరికి మళ్లీ తొక్కడం మొదలుపెట్టారు.

కాలరు పూర్తయింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మేడమ్ ఆ కాలరునీ కోటునీ పక్కపక్కన పెట్టి, మడతపెట్టి, తిరగేసి, వెలుతురులో చూసింది. చూస్తుంటే ఆవిడ కళ్లు మెరిశాయి.

"ఇది నీ చెయ్యే. నేనే తొందరపడ్డాను. ఇక నీ వెనక నిలబడనులే" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. రేడియోకి కళ్ల నీళ్లు ఆగలేదు గానీ, షరతు ఇంకా ఉందో పోయిందో తెలియక, పెదవులు గట్టిగా మూసుకునే ఏడుస్తోంది. మేడమ్ అటు తిరిగింది. రేడియో మిషన్ మీది గుడ్డ పైకెత్తి చూసింది. అటూ ఇటూ తిప్పింది.

"ఇంతకీ నువ్వేం కుట్టావమ్మా ఇది?"

రేడియో గదంతా చూసింది. అప్పుడు పిల్లి ఆమె వైపు వంగి, చిన్న గొంతుతో అడిగింది.

"అక్కా, నీ తరఫున నేను చెప్పనా?"

రేడియో తలూపింది. పిల్లి లేచి నిలబడింది. గది అంతా తననే చూస్తుండగా, గొంతు విప్పి చెప్పింది.

"తలగడ గలీబు, మేడమ్. నాలుగు వైపులా కుట్టేసింది. నాకు తోడుగా ఉండాలన్న ధ్యాసలో చూసుకోలేదు."