కాపీ చూడమ్మా

నమ్మకపోతే నమ్మకండి. ఇరవై ఏడేళ్లు పత్రిక నడిపాను. తెలిసి తెలిసి ఒక్క అబద్ధం అచ్చేయలేదు. ఇదీ అంతే... జరిగింది జరిగినట్టే చెప్తాను.

అది మా మాసపత్రిక ఆఖరి సంచిక. బిలాస్‌పూర్‌లోని మన రైల్వే తెలుగోళ్ల కోసం మొదలెట్టిన పత్రిక. మొదట్లో క్వార్టర్లంట తిరిగి వార్తలు తెచ్చేదాన్ని. తర్వాత ఎడిటర్నీ నేనే, కట్టలు కట్టి పోస్టు చేసేదీ నేనే. చివరికి చదివేవాళ్లే తగ్గిపోయారు. "ఆంటీ, హిందీలో వేయండి, చదువుతాం" అన్నారు పిల్లలు. వాళ్లనేమనగలం? ఓపిక అయిపోయింది. ఆపేద్దామనుకున్నాను.

ఆ రాత్రి లాల్‌ఖదాన్‌లో మా ఆఫీసు గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొద్దున్నే ప్రెస్‌కి పంపాలి. కళ్లు మండుతున్నాయి. గూడ్సు వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి.

మామూలుగా ప్రూఫులు ఇద్దరం చూసేవాళ్లం. సింహాచలం బాబాయ్ రాతప్రతి, మా మాటలో కాపీ, పైకి చదివేవాడు, నేను అచ్చుకాగితం మీద వేలు పెట్టుకుని చూసేదాన్ని. లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకి చదివేవాడు. ఏడాది కిందట గొంతు ఆపరేషనయింది. మనిషి బాగానే ఉన్నాడు, తిఫ్రాలో ఇంట్లోనే. గొంతు మాత్రం పోయింది. పలక మీద రాసి మాట్లాడతాడు.

అందుకే ఒక్కదాన్నే చూస్తున్నాను. చివరి పేజీ. ఒక సంతాప వార్త.

గూడ్సు వెళ్లిపోయింది. అద్దాలు ఆగాయి. ఫ్యాను చప్పుడొక్కటే...

"రైల్వేలో ముప్పై ఏళ్లు డ్యూటీ చేసిన... కామా..."

నా వెనకాల నుంచి. మెల్లగా. కొంచెం బొంగురుగా.

నాకేమీ అనిపించలేదు. అదే ఇప్పటికీ వింత. అలవాటే కదా... వేలు జరుపుతూ పోయాను.

"రతన్‌పూర్ వాస్తవ్యులు... కామా... అప్పలరాజు గారు..."

నా వేలు ఆగింది. కాగితం మీద సన్యాసిరావు అని ఉంది.

"సన్యాసిరావు కదా, బాబాయ్?" అన్నాను.

అన్నాక... అప్పుడు తెలిసింది, నేను ఎవరితో మాట్లాడుతున్నానో.

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను. చిన్న దగ్గు వినబడింది... చదివే ముందు గొంతు సవరించుకునేవాడు చూడండి, అలాగ.

"అప్పలరాజు. కాపీ చూడమ్మా."

అంతే. మళ్లీ ఫ్యాను చప్పుడు.

ఎంతసేపు అలా కూర్చున్నానో. చివరికి తిరిగాను. ఖాళీ కుర్చీ. తలుపు గడియ వేసినట్టే ఉంది.

ఫోన్ తీసి, ఆ ఇంటివాళ్లు పంపిన చేతిరాత ఫోటో పెద్దది చేసి చూశాను. పోయింది అన్నగారు, అప్పలరాజు. సన్యాసిరావు తమ్ముడు. అడుగున సంతకం పెట్టింది ఆయన. నిద్రమత్తులో టైపు చేస్తూ బతికున్నాయన్ని చంపేశాను. తప్పయిందని వేసుకుందామన్నా... మాకు వచ్చే నెల సంచికే లేదు.

పేరు దిద్దాను. తెల్లారగానే ప్రెస్‌కి పంపేసి, ఆటో ఎక్కి తిఫ్రా వెళ్లాను.

పిన్ని తలుపు తీసింది. "ఏటమ్మా, ఇంత పొద్దున్నే?"

"బాబాయ్ రాత్రి ఎలా ఉన్నాడు, పిన్నీ?"

"ఏటోనమ్మా. నిద్దట్లో పెదాలు కదుపుతూనే ఉన్నారు. ఏటి చదువుతున్నారో మరి."

లోపల బాబాయ్ చాయ్ తాగుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. నవ్వలేదు. చాయ్ పక్కన పెట్టి పలక తీశాడు.

"హాయిగా పడుకున్నాను. కల కూడా రాలేదు" అని రాశాడు. తుడిచి మళ్లీ రాశాడు. "ఆ ప్రూఫు నేను చూడనేలేదు కదమ్మా?"

లేదు. చూపించలేదు. ఆ చేతిరాత ఫోటో పంపినవాళ్ల దగ్గర, నా ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు.

అలిసిపోయానంటారా? ఒప్పుకుంటాను. ఆ నెల సరిగ్గా పడుకోనే లేదు. నా బుర్రే తప్పు పట్టుకుని, నాకు తెలిసిన గొంతుతో చెప్పిందేమో. అలాగని సరిపెట్టుకుందామంటే... ఆ దగ్గు?

సంచిక వెళ్లాక సన్యాసిరావు గారు ఫోన్ చేశారు.

"మా అన్నయ్య పేరు తెలుగులో అచ్చయితే చూసుకున్నానమ్మా. మా మనవడి చేత చదివించాను. కూడబలుక్కుని చదివాడు. మీరెంత జాగ్రత్తగా చూశారో."

నేను చూడలేదండీ అని నోటిదాకా వచ్చింది. మరెవరు చూశారని అడిగితే ఏం చెప్పను?

"అచ్ఛా అండి" అని ఫోన్ పెట్టేశాను.