మూగ రిహార్సల్

నిన్న తెనాలిలో మా రిపేరు కొట్టుకు ఒకాయన పాత కంప్యూటర్ తెచ్చాడు. స్విచ్ వేయగానే సీడీ డ్రైవ్ గుర్రుమని మూలిగి నాలుక చాపింది. ఆ చప్పుడుకు నేను కూర్చున్నచోటే రేపల్లె చేరిపోయాను. సుగుణమ్మ టీచర్ వెనక నిలబడి "ఒరేయ్ కోతలోడా, ముందు పెదాలతో!" అన్నట్టే ఉంది.

ఆవిణ్ణి మీరు చూడలేదు కనుక చెబుతాను. లెక్కల టీచరుగా రిటైరై, ఇంటి ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నేను అందులో పాఠాలు చెప్పేవాణ్ణి. లూథరన్ చర్చిలో పాటల బృందం ఆవిడదే. ఆవిడ గొంతెత్తితే తెనాలి ప్యాసింజరు రేపల్లెలో ఆగిపోయేది. పట్టాలు అక్కడితో అయిపోతాయన్నది నిజమే గానీ, ఆ సంగతి రైలుకు గుర్తుండేదని నేననుకోను. ఏ కొత్త పాటనైనా మొదటిసారి శబ్దం లేకుండా పెదాలతోనే పాడించేవారు. "తప్పులన్నీ పెదాల మీదే అయిపోవాలిరా. గొంతుదాకా రాకూడదు" అనేవారు.

పిల్లలు తెచ్చే ఫ్లాపీల్లోని వైరస్‌లతో విసిగిపోయి మా కంప్యూటర్లలో విండోస్ తీసేసి లైనక్స్ వేశాం. అన్నీ బుద్ధిగా నడిచాయి, కొత్తగా కొన్న సీడీ రైటర్ తప్ప. అది చదవడమే కాదు, రాయడం కూడా వచ్చిన డ్రైవ్ అని లైనక్స్‌కు తెలియదు.

సరిగ్గా అప్పుడే టీచర్ అన్నయ్య, బాపట్లలో ఉండే యేసురత్నం గారికి గొంతులో గడ్డ అన్నారు. గుంటూరులో ఆపరేషన్. మాట తిరిగి వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు. యేసురత్నం గారు మా సెంటర్‌కు వచ్చి, మైకు ముందు కూర్చుని తనకిష్టమైన కీర్తన పాడి వెళ్లారు. ఆ పాట కంప్యూటర్లో ఉండిపోయింది.

"అన్నయ్య ఆస్పత్రికి వెళ్లేలోపు దాన్ని ఆయన చేతిలో పెట్టాలిరా" అన్నారు టీచర్.

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే ఆ డ్రైవ్ సంగతి ఒక లైనులో చెప్పాలట. ఆ లైను కోసం నేను ఇంటర్నెట్ చివరిదాకా వెళ్లి, అక్కడ గోడ ముట్టుకుని వెనక్కి వచ్చాను. ఆపరేషన్ ముందురోజు ఉదయానికి డ్రైవ్ దారికొచ్చింది. రాసే కమాండ్‌లో 'డమ్మీ' అన్న మాట చేర్చితే, డిస్క్ తిరుగుతుంది, అంకెలు పరుగెడతాయి, రాత మాత్రం పడదు. అది వినగానే టీచర్ మొహం వెలిగిపోయింది. "మూగ రిహార్సల్! ముందు అదే చెయ్" అన్నారు.

అది మొదలుపెట్టి టిఫిన్‌కు వెళ్లాను. తిరిగొచ్చేసరికి డిస్క్ ఆవిడ చేతిసంచిలో ఉంది. "అయిపోయింది, పద!" అన్నారు. చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల వెళ్లాం.

ప్లేయర్‌లో డిస్క్ తిరిగింది, తిరిగింది. పాట రాలేదు.

"ఏంటమ్మాయ్, నా గొంతు నాకంటే ముందే గుంటూరు వెళ్లిందా?" అన్నారు యేసురత్నం గారు.

టీచర్ నావైపు తిరిగారు. "డమ్మీ తీసెయ్యలేదా?"

"మీరు తీసి మళ్లీ చేశారనుకున్నానండి. అయిపోయిందన్నారు కదండి."

"స్క్రీన్ మీద అయిపోయిందనే ఉందిరా!"

"అయిపోయింది రిహార్సలండి."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన మాత్రం దగ్గొచ్చేదాకా నవ్వారు. "చిన్నప్పుడు పెదాలతో పాడటం నీకు నేర్పిందే నేను. నువ్వు దాన్ని డిస్క్‌కి కూడా నేర్పావా?" అని కండువా భుజాన వేసుకున్నారు. "పాట రేపల్లెలో ఉంటే నాకు బాపట్లలో ఏం పని? పదండి."

రాత పడలేదు గనుక ఆ డిస్క్ ఇంకా కొత్తదే. రేపల్లె వచ్చి దాన్నే పెట్టి, డమ్మీ తీసేసి, మళ్లీ మొదలుపెట్టాం. రాస్తుండగా మిషన్ తడబడితే డిస్క్ పాడవుతుందని ముగ్గురం బల్లకు దూరంగా, చేతులు కట్టుకుని కూర్చున్నాం. తర్వాత ప్లేయర్‌లో పెట్టాం. ఆయన గొంతు గదంతా నిండింది. యేసురత్నం గారు తన పాటకు తానే వంత పాడారు. టీచర్ గొంతు కలపలేదు. పెదాలు మాత్రం కదిపారు.

ఆపరేషన్ తర్వాత మనిషి దక్కారు, గొంతు దక్కలేదు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఆ డిస్క్ పెట్టి, ఎదురుగా కూర్చుని పెదాలు కలిపేవారు. ఒక్క అక్షరం తప్పేది కాదు.

ఇప్పుడు ఆ అన్నాచెల్లెళ్లిద్దరూ లేరు. నిన్న వచ్చినాయన "ఆ డ్రైవ్ ఇంకా పనికొస్తుందాండి?" అని అడిగాడు. దానికి తగ్గ కోత ఒకటి నోటిదాకా వచ్చింది. అలవాటు కొద్దీ ముందు పెదాలు కదిపాను.

"ఏంటండీ, మీలో మీరే మాట్లాడుకుంటున్నారు?"

"రిహార్సలండి" అన్నాను.