ఒక్క అక్షరం మార్చని లిడియా

బెల్లంపల్లిల బొగ్గుబాయి పని చేసే ఎబినేజర్‌కు ఒక్కటే సోకు. షిఫ్టు దిగినంక బస్టాండు కాడి దుకాణంల డిటెక్టివ్ నవల కిరాయికి తెచ్చుకునేటోడు. ఆయన చదివి పక్కన పెట్టంగనే బిడ్డ లిడియా అందుకునేది. పదమూడేండ్లకే సగం పుస్తకంల హంతకుణ్ని పట్టేది.

"బాపూ, గీ పుస్తకాలల్ల మనలెక్క మాట్లాడేటోడు దొంగన్న అయితడు, వాచ్‌మన్ అన్న అయితడు. డిటెక్టివ్ ఎందుకు గాడు?" అని ఓ రోజు అడిగింది.

"రాసేటోళ్లు మనోళ్లు గాదు బిడ్డా," అన్నడు ఎబినేజర్.

పెండ్లయి కరీంనగర్ వచ్చినంక, లిడియా పర్శరాములు అనే వకీలు ఆఫీసుల టైపిస్టుగ చేరింది. నోటీసులు, వాంగ్మూలాలు, పంచనామాలు పద్దెనిమిదేండ్లు కొట్టింది. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కడ తడబడుతడో ఆమెకు ఆ కాయితాలే నేర్పినయి. మధ్యాహ్నం తిన్నంక మిగిలే అరగంటల మొదటి నవల రాసింది. అండ్ల, మూసేసిన బొగ్గుబాయిల శవం దొరుకుతది. ఆ గుట్టు విప్పేది మొగిలి అనే రిటైరయిన కార్మికుడు.

దాన్ని పంపితే చదివి, పబ్లిషర్ శ్యాంసుందర్ ఆమెను హైదరాబాద్ పిలిపించిండు.

"మొదలుపెడితే కింద పెట్టలేదమ్మా. రెండే మార్పులు. ఆ మొగిలి భాష బాగుచేయండి, ఇలా మాట్లాడితే జనం కామెడీ అనుకుంటారు. రెండోది, పైన ఏదైనా మగ పేరు వేద్దాం. ఖూనీ కథ మీద లిడియా అంటే ఎవరూ కొనరు."

లిడియా టేబుల్ మీది కాయితాల కట్ట తీసి సంచిల పెట్టుకున్నది. "మొగిలి భాష బాగనే ఉన్నది సార్. నా పేరు గూడ బాగనే ఉన్నది." చాయ్ వస్తున్నదన్నా ఆగలే.

ఫోన్ల కథలు చదివే యాప్ ఒకటుంటే, అండ్ల శుక్రవారం శుక్రవారం ఒక్కో భాగం పెట్టింది. మొదటి నెల నలభై మంది చదివిన్రు. రెండేండ్లకు సిరిసిల్ల నుంచి ఆసిఫాబాద్ దాక శుక్రవారం కోసం కాసుకొని కూసున్నరు. 'మొగిలి అచ్చం మా చిన్నబాపే' అని ఎవరో రాస్తే, లిడియా అది మూడుసార్లు చదువుకున్నది.

ఆరో నవలల హంతకుడు ఇసుక కాంట్రాక్టర్. తొమ్మిదో భాగం వచ్చిన తెల్లారే కొమురెల్లి అనే నిజం కాంట్రాక్టర్ ఇద్దరిని ఎంబడేసుకొని వకీలు ఆఫీసుకు వచ్చిండు.

"గా కథల ఉన్నది నేనే అని ఊరంత నవ్వుతున్నది. ఇయ్యాల్నే తీసెయ్!"

లిడియా కుర్చీల కెళ్లి లేవలే. "నా కథల ఆయన మేనేజర్‌ను చంపి మానేరు ఇసుకల పాతిపెట్టిండు. మీరు పెట్టిన్రా?"

"ఛీ! నేనెందుకు పెడత?"

"పెట్టకుంటే ఆయన మీరు కాదు. పెడితే మాత్రం మీరు రావాల్సింది నా కాడికి గాదు, ఠాణాకు."

ఎంబడి వచ్చినోళ్లల్ల ఒకడు నవ్వు ఆగక బయటికి ఉరికిండు.

వకీలు పర్శరాములే పరేషాన్ అయిండు. కొమురెల్లి ఆయనకు పాత క్లయింటు. "లిడియమ్మా, నవల అన్న ఆపు, నా కాడ పనన్న ఆపు," అన్నడు.

"పని ఆపుత సార్."

అన్నం డబ్బా పట్టుకొని మెట్లు దిగింది. బస్టాపుల కూసొని కొన్ని నీళ్లు తాగి, ఫోన్ తీసి పదో భాగం అక్కడనే మొదలుపెట్టింది.

నెలకు కొమురెల్లి నుంచి పరువు నష్టం నోటీసు వచ్చింది. జవాబు ఆమెనే కొట్టింది: 'నా నవలలోని హంతకుడికి, తమరికి ఉన్న పోలికలను ఒక్కొక్కటిగా కోర్టులో రుజువు చేయగలరు.' కొమురెల్లి కోర్టు మెట్లు ఎక్కలే. నవల అనుకున్నట్టే ముగిసింది. కరీంనగర్ల ఒక చిన్న ప్రెస్సు దాన్ని పుస్తకం చేసింది.

ఇప్పుడు లిడియా పదో నవల కాగజ్‌నగర్ల నడుస్తున్నది. మొన్న అక్కడికి పోయి, మిల్లు గేటు కాడ రెండు దినాలు తిరిగి, మాటలు విని వచ్చింది. కథల ఇప్పటికే ఇద్దరు చచ్చిపోయిన్రు. చంపింది ఎవరో ఆమెకే ఇంకా తెల్వలే.