బందెలదొడ్డిలో దాపటెద్దు

బందెలదొడ్డి కాపలాకు అచ్చయ్యను పెట్టినప్పుడు అదొక ఉద్యోగమని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. అంతకుముందు చాలా ఏళ్ళు అతను వీరరాఘవయ్యగారింట్లో పాలేరు. ఒక వేసంగిలో మిరప కళ్ళంలో బస్తా ఎత్తుతూ జారిపడ్డాడు. నడుం పట్టేసింది. మంచం దిగాడు గానీ మళ్ళీ నాగలి పట్టడానికి పనికిరాలేదు. పంచాయతీ మెంబరైన వీరరాఘవయ్యగారే పూనుకుని ప్రెసిడెంటుతో చెప్పి ఈ కాపలా ఇప్పించారు. ఆ మేలు అచ్చయ్య మర్చిపోలేదు. మర్చిపోకుండా నలుగురూ గుర్తుచేస్తూనే ఉండేవారు.

దొడ్డి ఊరికి పడమర, మునేటికి పోయే డొంక పక్కన ఉంది. ఛాతీ ఎత్తు రాతిగోడ, కర్ర గేటు, ఒక మూల తాటాకు పాక, నీళ్ళ తొట్టి, పక్కనే చేదబావి. చేలో పడి మేసిన గొడ్డును ఆ చేను గల రైతు తోలుకొచ్చి అప్పగిస్తే అచ్చయ్య లోపల కట్టేసి, మేత వేసి, నీళ్ళు పెట్టేవాడు. గొడ్డు గలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి పంచాయతీకి బందె కట్టి విడిపించుకుపోయేవారు. పోతూ పోతూ అచ్చయ్యను నాలుగు మాటలని పోవడం కూడా మామూలే.

"నా గేదె నీ దొడ్లో పడుండటానికే పుట్టిందిరా అచ్చయ్యా?" అనేది బసవమ్మ. ఆమె గేదె నెలకొకసారైనా వచ్చేది.

"నేనేం జేసేదమ్మా, మీ ఇంట్లో కంటే ఇక్కడ కుడితి బాగుంటదని అదే వస్తందేమో!"

"నీ నోరు పడ! బందె తిని బలిసావు గదూ?"

ఆ తిట్లలో పెద్దగా కోపం ఉండేది కాదు. గేదె పలుపు చేతికి చుట్టుకుని, దాన్నీ తిట్టుకుంటూ వెళ్ళిపోయేది. ఎవరి గొడ్డును వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన రోజులవి.

అరవై అయిదో ఏడు వానలు మొహం చాటేశాయి. మునేరు ఇసకతిన్నె అయింది. జొన్నచేలు వెన్ను తీయకముందే ఎండిపోతే, ఆ ఎండిన చొప్పనే కోసి వాములు వేసుకున్నారు. మాఘమాసానికి ఆ వాములూ అడుగంటాయి. సాగరు కాలవ వస్తుందని, వస్తే ఈ మెట్ట నేలంతా మాగాణి అవుతుందని ఎన్నాళ్ళుగానో అంటున్నారు. మనుషులు ఆ కాలవ మట్టిపనికి వెళ్ళి గంజి తాగుతున్నారు. గొడ్లకు ఆ దారీ లేదు.

ఆ ప్రాంతంలో గొడ్డును అమ్మినా పలుపు మాత్రం అమ్మరు. పలుపు పోతే ఇంటి పాడి దానితోపాటే పోతుందని నమ్మకం. కొన్నవాడు తన పలుపు తెచ్చుకుని తోలుకుపోవాలి. దారి తప్పిన గొడ్డయితే మెడలో పలుపుతోనో, తెగిన పలుపు ఈడ్చుకుంటూనో వస్తుంది. ఆ ఏడు దొడ్డికి వచ్చిన గొడ్ల మెడలు బోసిగా ఉండేవి. పలుపు ఒరుసుకుని వెంట్రుకలు రాలిన చోట నున్నటి చార మాత్రం కనిపించేది. చేను మేసి వచ్చినవీ కావు, మేయడానికి ఏ చేనూ లేదు. ఎవరో తెల్లవారకముందే డొంకలోకి తోలేసి పోయేవారు. ఇంకెవరో, ఊరి మీద తిరుగుతోందని తెచ్చి దొడ్లో పడేసేవారు. విడిపించుకోవడానికి ఎవరూ వచ్చేవారు కాదు.

మొదట్లో అచ్చయ్య వెళ్ళి ఇళ్ళముందు నిలబడి చెప్పాడు. ఫలానా మచ్చ ఆవు, ఫలానా కొమ్ము విరిగిన ఎద్దు దొడ్లో ఉన్నదని. "మాది కాదే!" అన్నారు, కళ్ళలోకి చూడకుండా. ఇంటి గొడ్డును కోత బేరగాడికి తామై అమ్మితే పాపం. పంచాయతీ వేలం వేస్తే అది పంచాయతీ వ్యవహారం. సంగతి అర్థమైన తర్వాత అచ్చయ్య ఇళ్ళకు వెళ్ళడం మానేశాడు.

దొడ్డి నిండిపోయింది. పంచాయతీ మేత కొనలేక చేతులెత్తేసింది. ఒకరోజు ఆఫీసులో మీటింగు పెట్టి దొడ్డి నిబంధనలు మార్చారు. అచ్చయ్యను పిలిపించి గుమాస్తా వెంకటరత్నం చదివి వినిపించాడు. ఇదివరకు పట్టుబడిన గొడ్డును ఒక వారం ఉంచి, దండోరా వేయించి, ఇంకో వారం చూసి వేలం వేసేవారు. ఇకమీదట మూడు రోజులే. దండోరా లేదు. పంచాయతీ తరఫున మేత లేదు, నీళ్ళు మాత్రం పెట్టాలి. దొడ్డి ఉద్యోగి గానీ అతని మనిషి గానీ వేలం పాడకూడదన్న పాత నిబంధన అలాగే ఉంటుంది.

"మేత లేకుండా మూడు రోజులాండీ?" అన్నాడు అచ్చయ్య.

ప్రెసిడెంటు రాధాకృష్ణమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడ తెమ్మంటావు? నీ దగ్గరుంటే చెప్పు, పంచాయతీయే కొంటది."

వీరరాఘవయ్యగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ వారంలోనే దాపటెద్దు వచ్చింది.

డొంకలో తిరుగుతుంటే పట్టుకొచ్చామని ఇద్దరు మనుషులు దాన్ని గేటులోకి తోసి పోయారు. అచ్చయ్య దాన్ని గుర్తుపట్టడానికి మెడ చూడనక్కరలేకపోయింది. అది కోడెదూడగా ఉన్నప్పుడు దాని మెడ మీద మొదటిసారి కాడి పెట్టింది అతనే. వీరరాఘవయ్యగారి జతలో దాన్ని ఎప్పుడూ దాపల, అంటే ఎడమవైపు కట్టేవారు. వలపటెద్దు కిందటి కార్తీకంలో జబ్బు చేసి చచ్చిపోయింది. ఒంటెద్దుకు దుక్కిలో పని లేదు, ఇంకోదాన్ని కొని జత కలిపే కాలమూ కాదు. డొక్కలు లెక్కపెట్టేటట్టున్నాయి. దొడ్లో గొడ్లు కిక్కిరిసి ఉన్నా అది గోడకు ఓరగా, కుడిపక్కన ఇంకో గొడ్డు పట్టేటంత చోటు వదిలి నిలబడింది. ఎటు తోలినా మళ్ళీ అలాగే నిలబడేది.

మూడు రోజుల్లో వీరరాఘవయ్యగారు వచ్చి ఇది నాదంటే చాలు. లేకపోతే వేలంలో పోయి కోత బేరగాడి లారీ ఎక్కడమే. అచ్చయ్యకు ఇక వేరే ఆలోచన లేకుండా పోయింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద చుట్ట కాలుస్తున్నారు.

"బాబుగారూ, దాపటెద్దు దొడ్లో ఉందండి."

"ఎవరి దాపటెద్దు?"

"మనదేనండి."

"మనదేందిరా? మనెద్దు కట్టుగొయ్య దగ్గరే ఉంటే!" అని ఆయన చుట్ట బూడిద రాల్చారు. ఆయన వెనక పశువుల కొట్టంలో కట్టుగొయ్య దగ్గర ఏమీ లేదు. అచ్చయ్య అటు చూడబోయి తల దించుకున్నాడు. ఆయనను అబద్ధమాడుతున్నారనడం అతని నోటికి రాని మాట.

"బందె కట్టక్కర్లేదండి. నేను ప్రెసిడెంటుగారితో మాట్టాడతా. తోలుకొచ్చి కట్టేస్తా, అంతే."

"కట్టేసి? దాని ముందు నిన్ను పండబెట్టమంటావా మేతకి?" ఆయన గొంతు పెంచబోయి మళ్ళీ తగ్గించుకున్నారు. "పోరా. పొద్దుపోతంది."

గుమ్మంలోంచి ఆయన భార్య తిరుపతమ్మగారు ఈ మాటలన్నీ వింటూనే ఉంది. అచ్చయ్య వాకిలి దాటుతుంటే, "నడుం నెప్పి ఎట్టా ఉందిరా?" అని అడిగింది. ఫర్వాలేదమ్మా అన్నాడు. మర్నాడు కొత్త పాలేరు పుల్లయ్య ఒక గంపలో తవుడు తెచ్చి, ఎవరు పంపారో చెప్పకుండా దొడ్డి గోడ మీద పెట్టి పోయాడు. అచ్చయ్యకు ఆశ కలిగింది. తవుడు తడిపి పెట్టి, ఎద్దు తింటుంటే పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఆమె చెప్తే ఆయన వింటారేమోనని పొద్దుగూకేదాకా డొంక వైపు చూశాడు. ఎవరూ రాలేదు.

"మీ తమ్ముడి చేత పాడిద్దామే," అన్నాడు ఇంటికొచ్చి భార్యతో.

రత్తమ్మ అన్నం కుండ మూత పెట్టి చూసింది. "మా తమ్ముడు నీ మనిషి కాడా? తెలిస్తే ఉన్న కాపలా ఊడుద్ది. పోనీ, తెచ్చి ఏం పెడతావు? ఈ ఇంటి మీదున్న తాటాకా?"

"అది కాదే..."

"ఏంది కాదు? ఎద్దుగలాయనకి లేని బాధ నీకెందుకయ్యా?"

"కాడి పెట్టింది నేను గదే!"

"అన్నం పెట్టింది ఆయన. నీకైనా, దానికైనా." ఆమె కంచం ముందుకు జరిపింది. "ఇప్పుడు మానేశాడు. నీకు ముందే మానేశాడు."

మూడోరోజు తెల్లవారుతుండగా అచ్చయ్య తన కాపలా కాలంలో ఎన్నడూ చేయని పని చేశాడు. గేటు తీసి ఎద్దును బయటికి తోలాడు. మునేటి వైపు పొమ్మని అదిలించాడు. ఏటి గర్భంలో చెలమల పక్కన ఎక్కడో కాస్త పచ్చిక ఉంటుంది, ఎలాగో బతుకుతుందనుకున్నాడు. అది ఏటి వైపు నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడిచింది. ఎక్కడికి పోతున్నదో అతనికి తెలుసు. గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఎండెక్కేసరికి పుల్లయ్య దాన్ని తోలుకుంటూ వచ్చాడు. ఎద్దు పిర్ర మీద కర్రదెబ్బ పొంగి ఉంది.

"ఎట్టా తప్పించుకుందో, వాకిట్లోకొచ్చి నిలబడింది," అన్నాడు పుల్లయ్య. "కొట్టానికి అడ్డకర్ర వేసున్నా తోసుకుని లోపలికి పోబోయింది. అయ్యగారు గేటు గట్టిగా వేసుకోమన్నారు."

"ఇంకేమన్నా అన్నారా?"

"అమ్మగారు లోపల ఏడుస్తంది. ఆయన ఇంకేం అన్లేదు."

అచ్చయ్య దాన్ని లోపలికి తీసుకున్నాడు. గేటు తనే వేశాడు.

ఆ మధ్యాహ్నమే వేలం. పాడటానికి కోత బేరగాడు తప్ప ఎవరూ రాలేదు. గుమాస్తా ఒకటోసారి, రెండోసారి అంటూ గోడను, వేపచెట్టును చూసి అరిచాడు. వీరరాఘవయ్యగారు మెంబరు హోదాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పాట అయిపోయాక బేరగాడి మనిషి కొత్త పలుపు వేసి లాగాడు. మిగిలిన గొడ్లు కదిలాయి. దాపటెద్దు కదల్లేదు. తోక మెలిపెట్టారు. మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేచింది గానీ అడుగు వేయలేదు. ఒకడు ములుగర్ర తీసి పొడవబోయాడు.

"పొడవమాక! ఆగు!" అని అచ్చయ్య అడ్డం వెళ్ళాడు. వెళ్ళి ఎద్దుకు కుడిపక్కన, అది వదిలిపెట్టిన చోట నిలబడి మూపురం మీద చెయ్యి వేశాడు. "పదయ్యా," అన్నాడు.

ఎద్దు నడిచింది.

హైదరాబాదు రోడ్డు అక్కడికి మైలు దూరం. దుక్కికి పోతున్నట్టు ఇద్దరూ పక్కపక్కనే డొంక వెంట నడిచారు. అతను ఆగితే అది ఆగింది, కదిలితే కదిలింది. రోడ్డు పక్క మట్టిగట్టుకు ఆనించి లారీ పెట్టారు. గట్టు మీంచి లారీలోకి చెక్క వేశారు. చెక్క మీద ఎద్దు జంకి ఆగింది. అచ్చయ్య ముందు తన కాలు పెట్టాడు. అది వెంట వచ్చింది. లోపల కట్టేసి అతను పక్కనుంచి ఒరుసుకుంటూ దిగిపోతుంటే అది తల తిప్పి కుడివైపు చూసింది. అతను దిగగానే వెనక చెక్క లేపేశారు.

బేరగాడు బీడీ ఇవ్వబోయాడు. "నీలాంటోడుంటే మాకు కర్ర పనే లేదన్నా! వచ్చే వారం కూడా రా."

ఆ మాట ఊళ్ళో పాకింది. తర్వాతి వేలంనాడు ప్రెసిడెంటే పిలిచి, గొడ్లు మొండికేస్తున్నాయి, కాస్త సాగనంపి రమ్మన్నాడు. ఆ తర్వాతి మీటింగులో నిబంధనల్లో ఇంకొకటి చేర్చారు. వేలంలో పోయిన పశువులను రోడ్డు దాకా తోలి, లారీ ఎక్కించే పని దొడ్డి కాపలాదారుదే. ఆ ప్రతిపాదన తెచ్చింది వీరరాఘవయ్యగారు.

"మనవాడు పశువు నెప్పి తెలిసినోడు," అన్నారాయన. నిజమైన దయతోనే అన్నారు, ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. "వాడు తీసుకుపోతే ఒక్క దెబ్బ పడదు. ఆ నోరులేని వాటికి మనం చెయ్యగలిగింది ఇంతేగా."

అందరూ ఒప్పుకున్నారు. గుమాస్తా చదివి వినిపించి, "తెలిసిందా?" అన్నాడు.

"తెలిసిందండి," అన్నాడు అచ్చయ్య.

ఆ ఏడూ, మరుసటి ఏడు వానలు పడ్డదాకా అతను వారం వారం రోడ్డుకు నడిచాడు. పక్కనుంచి నడిస్తే కదిలేది ఏదో, ముందు నడిస్తే వెంట వచ్చేది ఏదో, గంగడోలు నిమిరితే లొంగేది ఏదో చూసుకునేవాడు. తను ఉండగా దేని మీదా కర్ర పడనివ్వలేదు. అన్నీ అతన్ని నమ్మే చెక్క ఎక్కాయి.

"మానెయ్యరాదా ఆ పని?" అంది రత్తమ్మ ఒకనాడు, అతను ముద్ద కలుపుకుని తినకుండా కూర్చుంటే.

"నే మానేస్తే పొడిచి పొడిచి ఎక్కిస్తారే."

"నువ్వు పొడవకుండా ఎక్కిస్తన్నావు. పోయేది ఒకచోటికే గదా?"

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, చేద భుజాన వేసుకుని దొడ్లో తొట్టి నింపడానికి వెళ్ళాడు.