తూము హ్యాండిల్

ఈరోజు బాన్సువాడ కోర్టు మెట్ల మీద నేను అనకూడని మాట అన్నాను. మా బావ మీది కేసు కొట్టేశారు. సంతోషం పట్టలేక ఊరి రైతుల ముందే ఆయన భుజం తట్టి, "మొత్తానికి తప్పించుకున్నవ్ బావా!" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "తప్పించుకునుడేంది బామ్మర్దీ? దొంగ తప్పించుకుంటడు. నేనేం చేసిన?"

మా కాలువ మీద తూము షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్ అందరూ నమ్మే రైతు ఇంట్లో ఉంటుంది. వంతుల ప్రకారం నీళ్లు వదిలేది ఆయనే. ఏళ్లుగా అది మా బావ దగ్గరే ఉండేది. నిరుడు కోతల ముందు ఎవరో షట్టర్ ఎత్తేస్తే దిగువ రైతు వరి మునిగింది. హ్యాండిల్ ఉన్నవాడే చేశాడన్నారు. కేసు పెట్టి, హ్యాండిల్ తెచ్చి నా ఇంట్లో పెట్టారు. నేను వద్దనలేదు.

పైగా రాజీ పడమని ఆయన్ని పోరింది కూడా నేనే. "ఒక్క సంతకంతోని అయిపోతది గదా బావా, ఇగ ఈ తిరుగుడెందుకు?"

"సంతకం పెడితే చేసినా అని ఒప్పుకున్నట్టే. పెట్ట."

ప్రతి వాయిదాకూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి పోతున్నట్టు వచ్చేవాడు. పోయిన వాయిదాకు ఎగువ రైతు బోనెక్కి, గడ్డపారతో షట్టర్ ఎత్తింది తానేనని ఒప్పుకున్నాడు. "అన్న గట్ల తలెత్తుకొని వస్తుంటే నాకే నిద్రపడ్తలేదు సారూ" అన్నాడు. ఆ క్షణం మా బావను చూసి నా ఛాతీ ఉప్పొంగింది.

చట్టం తన మాట చెప్పేసింది: నిర్దోషి. కానీ ఆయన పేరు పోయింది కాలువ గట్టు మీద. అక్కడ తిరిగి రావాల్సిన పేరును, సొంత బామ్మర్దినైన నేనే ఒక్క మాటతో వెనక్కి లాగాను.

సాయంత్రం హ్యాండిల్ భుజాన వేసుకుని గట్టుకు వెళ్లాను. బావతో సహా రైతులంతా నీళ్ల వంతు మాట్లాడుకుంటున్నారు.

"మా బావ షట్టర్ ముట్టలె. నేను గూడ ఆయననే అనుమానించిన. రాజీ పడుమన్నది గందుకే. పొద్దున నేనన్న మాట తప్పు."

"ఇప్పటికి తెలివొచ్చింది బామ్మర్దికి!" అన్నారెవరో. కేసు పెట్టిన దిగువ రైతు మాత్రం నవ్వలేదు. లేచి, "ఇగ నా మడికి నీళ్లు నువ్వే ఇడువన్నా" అన్నాడు బావతో.

రెండు చేతులతో హ్యాండిల్ ఇచ్చాను. బావ దాన్ని తిప్పి చూసుకున్నాడు. "తుప్పు పట్టిచ్చినవ్ గదరా. గింత గ్రీసు పెట్టరాదు?"

ఇంటికి వెళ్లి గ్రీసు డబ్బా తెచ్చి, ఆయన చూస్తుండగా నేనే పూశాను.